పెరట్లో మూడు చెట్లు, రెండు పిల్లులు: ఎక్కకుండా ఆపిన తీరుపై కేస్ స్టడీ

పిల్లి ఎక్కకుండా చెట్టు మానుకు రేకు చుట్టడం చేతనైన ఎవరికైనా ఒక పూట పని. ఆ రేకు ఏ ఎత్తులో ఉండాలి, దాన్ని తప్పించుకుని కొమ్మల్లోకి పోయే పక్కదారులు ఎన్ని ఉన్నాయి, చెట్టు మూసేశాక పిల్లి ఎక్కడికి పోవాలి అన్నవి తేల్చుకోకుండా చుడితేనే చిక్కు. మూడింటిలోనూ చివరిదాన్నే జనం ఎక్కువగా మరిచిపోతారు. ఈ కేసులో పని వరుసంతా దాన్నిబట్టే నడిచింది: ముందు పిల్లులకు వేరే ఎత్తు చూపించడం, తర్వాత పక్కదారులు మూయడం, అన్నిటికన్నా చివర మానుకు రేకు.

పెరడు, చెట్లు, పిల్లులు

పెద్ద చెట్టు నిటారుగా ఉంది. నేల నుంచి 120 సెం.మీ. ఎత్తులో మాను చుట్టుకొలత 94 సెం.మీ., 210 సెం.మీ. దగ్గర 88. మొదటి పంగ 2.6 మీటర్ల ఎత్తులో ఉంది. ఒక కొమ్మ సామాన్ల షెడ్డు మీదికి పెరిగి, దాని కప్పు అంచుకు 70 సెం.మీ. దూరంలోకి వచ్చేసింది. కప్పు ఎత్తు 2.2 మీటర్లు.

రెండోది వాలు చెట్టు. ప్రహరీ గోడకు 1.4 మీటర్ల దూరంలో, గోడ వైపు సుమారు 25 డిగ్రీలు ఒరిగి ఉంది. చుట్టుకొలత 66 సెం.మీ., పంగ 3 మీటర్ల మీద. గోడ ఎత్తు 1.8 మీటర్లు, మందం 23 సెం.మీ.

మూడోది ఒకే మొదలు నుంచి ఐదారు సన్నటి మానులుగా చీలిన పొదలాంటి చెట్టు. మొత్తం ఎత్తు మూడున్నర మీటర్లు దాటదు.

పిల్లుల్లో ఒకటి ఎనిమిది నెలల గండుపిల్లి, ఆపరేషన్ అయింది. ఉడుత కనబడితే ఆగదు. పెద్ద చెట్టు మీద ఆరేడు మీటర్ల ఎత్తుకు పోయి, దిగడం రాక రాత్రంతా అరిచేది. రెండోది పదకొండేళ్ల ముసలి పిల్లి, వెనక కాళ్ల కీళ్లు బిగుసుకుపోయాయి. దానికి ఉడుతలతో పని లేదు. గేటు కింది సందులోంచి కుక్క దూరినప్పుడల్లా వాలు చెట్టెక్కేది. దిగేటప్పుడు గోడ మీదికి, అక్కణ్నుంచి నేల మీదికి దూకి రెండు మూడు రోజులు కుంటేది.

ఒకే ఇల్లు, ఒకే పెరడు అయినా ఇవి రెండు వేర్వేరు సమస్యలు. చిన్నది వేట కోసం ఎక్కుతోంది, పెద్దది భయంతో ఎక్కుతోంది. భయంతో ఎక్కే పిల్లికి చెట్టు మూసేస్తే దాన్ని కుక్క నోటికి అప్పగించినట్టే.

దిగడం ఎందుకు రాదు

పిల్లి గోళ్లు వెనక్కి వంగి ఉంటాయి. పైకి పోయేటప్పుడు ఒంటి బరువే గోరును బెరడులోకి దింపుతుంది. తల కిందికి పెట్టి దిగబోతే అదే గోరు బెరడులోంచి ఊడి వస్తుంది. ఉడుత వెనక పాదాన్ని పూర్తిగా వెనక్కి తిప్పుకోగలదు కాబట్టి తలకిందులుగా దిగుతుంది. పెంపుడు పిల్లికి ఆ వీలు లేదు. తోక ముందుగా, వెనక్కి వెనక్కి దిగాలి. కొన్ని పిల్లులు ఈ పద్ధతి తమంతట తామే పట్టేస్తాయి, కొన్నిటికి ఎన్నాళ్లకూ పట్టుబడదు.

పడినా పిల్లి కాళ్ల మీదే పడుతుందన్న ధీమా ఒకటుంది. గాల్లో ఒళ్లు తిప్పుకోవడం నిజమే. 1894లో ఫ్రాన్స్‌కు చెందిన ఎతియెన్ జూల్ మారే వరుస ఫొటోలు తీసి చూపించాడు కూడా. అయితే కాళ్ల మీద పడినా దవడ నేలకు తగిలి అంగిలి చీలడం, ఛాతీలో దెబ్బ తగిలి ఊపిరితిత్తుల చుట్టూ గాలి చేరడం, కాలి ఎముక విరగడం పశువైద్యులు తరచూ చూసేవే. కీళ్లు పట్టేసిన ముసలి పిల్లికైతే రెండు మీటర్ల దూకుడే ఎక్కువ.

అంతకుముందు ఇంటివాళ్లు చేసినవి

పెద్ద చెట్టుకు కోళ్ల జాలీ చుట్టి ఉంది. జాలీలో ప్రతి కన్నమూ పిల్లికి ఒక మెట్టు. ఒట్టి బెరడు కన్నా జాలీ మీదే తేలిగ్గా ఎక్కుతుంది. పైగా గోరు తీగలో ఇరుక్కుంటే విదిలించుకునే క్రమంలో గోరు మొదలంటా పెకిలి రావచ్చు.

వాలు చెట్టుకు నేల నుంచి 45 సెం.మీ. వరకు రేకు చుట్టి, కట్టుడు తీగతో బిగించారు. ఆరోగ్యంగా ఉన్న పిల్లి నిలుచున్న చోటు నుంచే మీటరున్నర, ఒక్కోటి 1.8 మీటర్ల దాకా ఎగరగలదు. 45 సెం.మీ. రేకు దానికి కనబడనైనా కనబడదు. అంతకన్నా చేటు ఆ తీగది. మాను లావెక్కేది బెరడు కిందనున్న పలచని జీవపొర వల్ల. ఆకుల్లో తయారైన ఆహారం లోబెరడు గుండానే వేళ్లకు దిగుతుంది. బిగించిన తీగ ఏడాది రెండేళ్లలో ఆ పొరను నొక్కి కోసేస్తుంది. వేళ్లకు తిండి అందక చెట్టు పైనుంచి ఎండుతూ వస్తుంది. ఇక్కడ తీగ కోసి తీసేసరికి బెరడు మీద వేలు పట్టేంత గాడి పడి ఉంది, అదృష్టవశాత్తూ చుట్టూ కాదు, ఒక పక్కే.

మొదళ్ల దగ్గర నాఫ్తలీన్ ఉండలు కూడా ఉన్నాయి. అవి పిల్లులకు విషం. ఎర్ర రక్తకణాలనూ కాలేయాన్నీ దెబ్బతీస్తాయి. వెంటనే ఏరించి మూత బిగించిన డబ్బాలో వేయించాల్సి వచ్చింది. ఈ కోవలోవే ఇంకొన్ని ఉన్నాయి, ఏ పెరట్లోనూ వాడకూడనివి: యూకలిప్టస్, టీ ట్రీ, నిమ్మజాతి తైలాలు (పిల్లి కాలేయం వీటిని విరిచి బయటికి పంపడంలో బలహీనం), కారప్పొడి, వాడేసిన కాఫీ పొడి, గ్రీజు, ఎలుకలకు వాడే జిగురు. పిల్లి పాదానికి అంటింది ఏదైనా కాసేపట్లో నాలుక మీదికి చేరుతుంది. జిగురైతే పిల్లిని ఆపడం మాట అటుంచి, పిట్టలనూ బల్లులనూ పట్టి చంపుతుంది. మేకులు, ముళ్లతీగ సంగతి చెప్పనే అక్కర్లేదు.

గోళ్లు పూర్తిగా తీయించేద్దామని కూడా ఒక ఆలోచన ఉంది. అది గోరు తీయడం కాదు, ప్రతి వేలి చివరి ఎముకను కోసేయడం. చాలా దేశాల్లో నిషేధం. కొన మాత్రం కత్తిరించడం మంచిదే గానీ దాంతో ఎక్కడం ఆగదు.

దారులు వెతకడం

రేకు కొనడానికి ముందు బెరడు చూడాలి. పిల్లి పైకి ఎక్కిన చోట గోటి గుర్తులు పొట్టిగా, గుచ్చినట్టు, జంటలు జంటలుగా ఉంటాయి. జారుతూ దిగిన చోట నిలువునా పొడుగాటి గీతలు పడతాయి, గీత అడుగున బెరడు పొట్టు రేగి ఉంటుంది. పెద్ద చెట్టుకు షెడ్డు వైపు గుచ్చిన గుర్తులు నిండా ఉన్నాయి, గీతలు మాత్రం లేవు. అంటే చిన్న పిల్లి మాను మీదుగా ఎక్కుతోంది, మాను మీదుగా దిగడం లేదు. షెడ్డు కప్పు మీద రాలిన ఆకుల మధ్య నలిగిన బాట, అది చివరికి దిగే దారేదో చెప్పేసింది.

గోడ పైభాగాన తడి ఇసుక సన్నటి పొరగా పరిచి ఒక రాత్రి వదిలితే పాదముద్రలు పడతాయి. వాలు చెట్టు దగ్గర ముద్రలు రెండు వైపులకూ ఉన్నాయి: గోడ మీంచి చెట్టుకూ, చెట్టు మీంచి గోడకూ. పిల్లులు చురుగ్గా ఉండేది తెల్లవారుజామున, మునిమాపు వేళ. ఆ రెండు వేళలూ కిటికీలోంచి గమనిస్తే మిగతా బొమ్మ పూర్తవుతుంది.

పిల్లి ఎగరగల దూరాల లెక్క ఇది. నేల నుంచి పైకి 1.8 మీటర్లు, నిలుచున్న చోటు నుంచి అడ్డంగా రెండు మీటర్లకు కొంచెం పైన. ఎత్తు నుంచి కిందికి దూకితే అడ్డం దూరం ఇంకా పెరుగుతుంది. కాబట్టి చెట్టుకు రెండున్నర మీటర్ల లోపు నిలబడగలిగే చోటు ఏదున్నా (గోడ, కప్పు, నీళ్ల డ్రమ్ము, బల్ల, పక్క చెట్టు కొమ్మ) అది దారి కిందే లెక్క.

మొదటి పని: వేరే ఎత్తు

మూడో చెట్టుకు ఏ అడ్డూ పెట్టకూడదని మొదట్లోనే తేల్చడం జరిగింది. ఎత్తు తక్కువ, మానులు సన్నన, పక్షి గూళ్లు లేవు, పక్కనున్న చెట్లకు కొమ్మ అందదు. చీలిక దగ్గర, నేలకు మీటరు ఎత్తులో ఒక పలక కూర్చోబెట్టి, కింద నేలను తవ్వి వదులు చేసి 15 సెం.మీ. మందాన చెక్కపొట్టు పరిచారు. అన్ని చెట్లూ మూసేసి పిల్లిని బుద్ధిగా ఉండమనడం కన్నా ఒక చెట్టు దానికి రాసిచ్చేయడం నయం.

చిన్న పిల్లికి వరండాలో 10 సెం.మీ. లావు, 150 సెం.మీ. ఎత్తు స్తంభం వేశారు. పైన 40 × 50 సెం.మీ. పలక, కింద 60 × 60 సెం.మీ. బరువైన పీఠం. పీఠం కదిలితే పిల్లి మళ్లీ ఆ స్తంభం మొహం చూడదు. చుట్టడానికి 10 మి.మీ. సిసల్ (కిత్తనార) తాడు. ఒక్కో చుట్టుకు 34.5 సెం.మీ., 150 చుట్లు, మొత్తం 52 మీటర్లు. ఇక్కడే చాలామంది 20 మీటర్లు తెచ్చి సగంలో ఆపేస్తారు. నూలు తాడు, నైలాన్ తాడు వద్దు. మొదటిది త్వరగా పీచు లేస్తుంది, రెండోదాని మీద గోరు జారుతుంది. రెండు కొసలకు మాత్రమే స్క్రూలు, మధ్యంతా చెక్క జిగురే. స్టేపుల్ పిన్నులు లేచి పాదాల్లో గుచ్చుకుంటాయి.

ముసలి పిల్లికి 90 సెం.మీ. ఎత్తు పలక, దానికి 180 సెం.మీ. పొడవు వాలు బల్ల. ఈ కొలతతో వాలు 30 డిగ్రీలు వస్తుంది, తల ముందు పెట్టుకుని నడిచి దిగొచ్చు. బల్ల మీద గోనెపట్టా, ప్రతి 10 సెం.మీ.కు ఒక సెంటీమీటరు ఎత్తు పుల్ల. పలక పైన మూడు వైపులా మూసిన పెట్టె, దాని ద్వారం 16 సెం.మీ. గేటు కింది సందును పలకతో మూయించారు. నిజానికి వాలు చెట్టు సమస్యలో సగం ఆ పలకతోనే తీరింది.

తిండి గిన్నెలు వారం రోజుల పాటు ఈ పలకల మీదే పెట్టారు. తెల్లవారాక ఒకసారి, చీకటి పడబోయే ముందు ఒకసారి పది పదిహేను నిమిషాలు ఈక కట్టిన పుల్లతో చిన్నదాన్ని ఆడించి, ఆట కాగానే తిండి. వేట, తిండి, కునుకు, ఈ వరుస కుదిరితే ఉడుతల మీద ధ్యాస కొంత తగ్గుతుంది. పూర్తిగా పోదు. స్తంభానికి క్యాట్‌నిప్ (వాసనతో పిల్లులను ఆకర్షించే పుదీనా జాతి మొక్క) పొడి రుద్దారు. అది అన్ని పిల్లుల మీదా పని చేయదు, మూడింట ఒక వంతు పిల్లులు పట్టించుకోవు. ముసలిది వాటిలో ఒకటని తేలింది.

రెండో పని: పక్కదారులు

షెడ్డు మీదికి వచ్చిన కొమ్మను, కప్పు అంచుకూ కొమ్మకూ మధ్య రెండున్నర మీటర్ల ఖాళీ వచ్చేదాకా కొట్టేశారు. కొమ్మ కోత మూడు గాట్లలో: మానుకు 30 సెం.మీ. దూరాన కింది నుంచి మూడో వంతు లోతు ఒక గాటు, దానికి కాస్త అవతల పై నుంచి పూర్తిగా రెండో గాటు, మిగిలిన మొద్దును కొమ్మ మెడ వాపు (కొమ్మ మానును కలిసే చోటి ఉబ్బు) బయట నుంచి మూడో గాటు. కింది గాటు పెట్టకుండా పైనుంచి కోస్తే, కొమ్మ తెగేటప్పుడు బెరడును మానుదాకా చీల్చుకుపోతుంది. ఆ మెడ వాపులోకి కోస్తే గాయం మూసుకోదు. రంగులు, తారు పూయనక్కర్లేదు. ఒక ఏడాదిలో పచ్చని కొమ్మల్లో నాలుగో వంతుకు మించి తీయకూడదు. కోతకు ముందు గూళ్లు చూడాలి, గుడ్లో పిల్లలో ఉంటే అవి ఎగిరిపోయేదాకా ఆగాలి. కొమ్మల్లో కరెంటు తీగ ఉంటే ఇంటివాళ్లు ముట్టుకునే పనే కాదు.

గోడ వేరే తలనొప్పి. మామూలు లెక్కలో వాలు చెట్టు రేకు నేల నుంచి కొలిస్తే సరిపోవాలి. 1.8 మీటర్ల గోడ మీద నిలబడ్డ పిల్లికి మాత్రం 'నేల' గోడ పైభాగమే. అక్కణ్నుంచి మరో 1.8 మీటర్లు కలిపితే రేకు 3.6 మీటర్ల దాకా పోవాలి. పంగ 3 మీటర్ల దగ్గరే ఉంది. అంటే మాను మీద ఎంత రేకు చుట్టినా లాభం లేదు, గోడనే నిలబడడానికి వీల్లేకుండా చేయాలి.

గోడ పైన, పాదం పెడితే గిర్రున తిరిగి పిల్లిని జార్చే పైపులు పెట్టడం పేరున్న పద్ధతి. సన్నటి కంచెకు అది బాగుంటుంది. 23 సెం.మీ. గోడ మీద పైపు వెనక నిలబడడానికి చోటు మిగిలిపోతుంది. అందుకని గుడిసె కప్పులా మడిచిన అల్యూమినియం రేకు బోర్లించారు. గోడ మందం 23, ఒక్కో వాలు ముఖం 23, అంటే సమబాహు త్రిభుజం, రెండు వైపులా 60 డిగ్రీల వాలు. గోడ ముఖం మీదికి దిగే అంచులు చెరో 3 సెం.మీ. కలిపి రేకు వెడల్పు 52 సెం.మీ. పొడవు 5 మీటర్లు, చెట్టు సరిగ్గా మధ్యకు వచ్చేలా. చివర నుంచి చెట్టుకు ఐమూల దూరం రెండున్నర మీటర్లు దాటుతుంది. రెండు కొసలనూ త్రిభుజం ముక్కలతో మూయాలి, లేకపోతే కందిరీగలు గూడు పెడతాయి. ఉమ్మడి గోడ అయితే అవతలి వాళ్ల ఒప్పుదల ముందే తీసుకోవాలి.

కదలిక పసిగట్టి నీళ్లు చిమ్మే యంత్రం గురించి ఇంటివాళ్లు అడిగారు. బయటి పిల్లులు వచ్చే దారిలో, గేటు దగ్గర అది పనికొస్తుంది. చెట్టు మొదట్లో పెడితే బెదిరిన పిల్లి ముందుగా ఎక్కేది ఆ చెట్టే.

మూడో పని: మాను రేకు

పెద్ద చెట్టుకు 0.5 మి.మీ. అల్యూమినియం రేకు. కోసిన కొలత 92 × 120 సెం.మీ. పైనా కిందా ఒక్కో సెంటీమీటరు మడిచి సుత్తితో అణిస్తే ఎత్తు 90 సెం.మీ. అవుతుంది, అంచు పాదాన్ని కోయదు. మడత వద్దనుకుంటే తలుపులకు వేసే రబ్బరు బీడింగు తొడగొచ్చు గానీ ఎండకు రెండేళ్లలో పెళుసెక్కుతుంది.

రేకు అడుగు అంచు నేలకు 120 సెం.మీ., పై అంచు 210. ఈ అంకెలకు కారణాలున్నాయి. నేల నుంచి ఎగిరిన పిల్లి ముందుకాళ్లు 210కి అందవు. అది బెరడు పట్టుకుని 120 దాకా పాకి, అక్కణ్నుంచి ఒళ్లు సాచి పైకి ఉరికినా 60, 70 సెం.మీ.కు మించి అందదు. 60 సెం.మీ. రేకు ముసలి పిల్లులకు చాలు, ఎనిమిది నెలల గండుపిల్లికి చాలదు. ఇక కింది 120 సెం.మీ. బెరడును ఊరికే వదలడమూ కావాలని చేసిందే. గోళ్లు గీరుకోవడానికి పిల్లికి ఆ చోటు కావాలి, మొదటి దగ్గర తేమ ఆరడానికి చెట్టుకు గాలి కావాలి.

రేకు బెరడుకు ఆనకూడదు. ఆనితే నీరు నిలిచి, బెరడు మెత్తబడి, బూజు చేరుతుంది. రెండు సెంటీమీటర్ల లావున్న తోట పైపును 90 సెం.మీ. ముక్కలుగా ఆరు కోసి, రేకు లోపలి వైపు నిలువుగా సిలికాన్‌తో అతికించి, ఒక రోజు ఆరనిచ్చారు. ఈ 2 సెం.మీ. ఖాళీ వల్ల చుట్టుకొలత 12.6 సెం.మీ. పెరుగుతుంది. చాలామంది లెక్క తప్పేది ఇక్కడే. అడుగున 94 + 12.6 = 106.6 కాబట్టి 120 సెం.మీ. రేకులో 13.4 సెం.మీ. ఒకదాని మీద ఒకటి పడుతుంది. పైన 88 + 12.6 = 100.6, అంటే 19.4 సెం.మీ. పడుతుంది. అతుకు గీత కొంచెం ఏటవాలుగా వస్తుంది, అది తప్పు కాదు, మాను పైకి సన్నబడుతున్నందుకే అలా.

మేకులు లేవు, తీగ లేదు. అతుకు పక్కన మూడు చోట్ల (పై అంచుకు 10 సెం.మీ. కింద, మధ్యలో, అడుగు అంచుకు 10 సెం.మీ. పైన) పాప్ రివెట్లతో కొక్కేలు వేసి, తుప్పు పట్టని స్టీలు స్ప్రింగులు తగిలించారు. చెట్టు లావెక్కిన కొద్దీ స్ప్రింగు సాగుతుంది, రేకు వదులిస్తుంది. కానీ నున్నటి రేకు మీద గోరు దూర్చడానికి దొరికే ఒకే ఒక్క చోటు ఆ స్ప్రింగే. అందుకని 15 సెం.మీ. వెడల్పు, 90 సెం.మీ. పొడవు పట్టీ ఒకటి స్ప్రింగుల మీద కప్పి, ఒక్క అంచునే రివెట్ చేశారు. రెండో అంచు స్వేచ్ఛగా జారాలి. రెండు వైపులా బిగిస్తే స్ప్రింగులు పెట్టిన ప్రయోజనమే పోతుంది. అతుకు, గోటి గుర్తులు తక్కువగా ఉన్న వైపుకు తిప్పారు.

మాను అడుగుకు లావు కాబట్టి రేకు జారదు. అడుగూ పైనా ఒకే లావుండే మానులకైతే పంగ నుంచి రెండు వెడల్పాటి నైలాన్ నవారు పట్టీలు వేలాడదీసి రేకును వాటికి తగిలించాలి.

రేకుకూ బెరడుకూ మధ్య ఖాళీ ఎక్కడా 3 సెం.మీ. దాటకుండా చూడాలి. బెరడు గుంటలున్న చోట గరుకు స్పాంజి ముక్కలు కూరారు. లేకపోతే పిల్లికూనలు దూరతాయి, గాలికి రేకు టపటపలాడుతుంది. ఆ చప్పుడుకే ముసలి పిల్లి మొదట్లో పెరట్లోకి రావడం మానేసింది. స్పాంజి వేశాక వచ్చింది.

వాలు చెట్టుకు ఇదే పద్ధతి, రేకు ఎత్తు మాత్రం 120 సెం.మీ., పొడవు 92. వాలిన మానుకు పై ముఖం నిచ్చెన బల్లలాంటిది, పిల్లి అటే నడిచి వస్తుంది. అతుకు కింది ముఖం వైపు పెట్టాలి. 25 డిగ్రీల ఒరుగుడు వరకు నున్నటి రేకు మీద పాదం నిలవదు. సగానికి సగం ఒరిగిన చెట్టుకు ఏ రేకూ పనికిరాదు. అక్కడ మాను నుంచి అన్ని వైపులా 45 నుంచి 60 సెం.మీ. బయటికి పొడుచుకొచ్చే బోర్లించిన గరాటు ఆకారం కావాలి.

రేకు మెరుపు నచ్చనివాళ్లు మానుకు పారదర్శక పాలీకార్బొనేట్ షీటు, 1.5 మి.మీ.ది, వాడొచ్చు. దూరం నుంచి కనబడదు. గోటి గీతలు పడి గరుకెక్కాక పట్టు దొరుకుతుంది కాబట్టి అల్యూమినియం కన్నా ముందే మార్చాలి. యాక్రిలిక్ వద్దు, పగిలి ముక్కలవుతుంది.

రేకు మూసే ముందు రెండు పిల్లులూ ఇంట్లో ఉన్నాయని కళ్లారా చూసుకుని తలుపు వేశారు. చెట్టు మీద పిల్లి ఉండగా రేకు మూస్తే దాని దిగే దారి మూసినట్టు.

తర్వాత ఏం జరిగింది

ముసలి పిల్లి వాలు చెట్టు జోలికి మళ్లీ పోలేదు. కుక్క అరుపు వినగానే పెట్టెలోకి దూరుతోంది. చిన్నది ఊరుకోలేదు. మొదటి రోజుల్లో రేకు అడుగు అంచు దాకా పాకి, పైకి ఉరికి, జారి పడి, మళ్లీ పాకింది. ఇది మామూలే. ఈ దశలో రేకు కింద రాళ్లు, కుండీలు లేకుండా చూసుకుంటే చాలు.

అది చెట్టెక్కిన రోజూ ఒకటి వచ్చింది. ఎవరో తోట కుర్చీ లాగి మానుకు అరమీటరు దూరంలో వదిలేశారు. కుర్చీ వీపు ఎత్తు 85 సెం.మీ. దాని మీంచి ఎగిరితే 210 ఏ లెక్కా కాదు. ఎక్కింది సరే, దిగబోతే రేకు. పిల్లులను ఆపే రేకు ఉన్న ప్రతి ఇంట్లో ఈ పరిస్థితికి ముందే ఏర్పాటు ఉండాలి. ఇక్కడ ఉంది కాబట్టి సాఫీగా గడిచింది. పట్టీ పక్కకు వంచి మూడు స్ప్రింగులూ ఊడదీసి రేకు తీసేయడం, కింద వాసన బాగా వచ్చే తిండి పెట్టడం, ముసలి పిల్లినీ మనుషులనూ దూరంగా ఉంచడం. అరగంటలో వెనక్కి వెనక్కి జారుకుంటూ దిగింది. దిగకపోతే తర్వాతి మెట్టు గోనెపట్టా చుట్టిన పొడవాటి పలకను పంగకు ఆనించడం. చెట్టు ఊపడం, నీళ్లు కొట్టడం, కర్రతో పొడవడం వల్ల అది ఇంకా పైకే పోతుంది.

మనిషే ఎక్కాల్సి వస్తే నిచ్చెన మొదలు ప్రతి నాలుగు అడుగుల ఎత్తుకూ ఒక అడుగు దూరంగా ఉండాలి, కింద మరో మనిషి పట్టుకోవాలి, చేతులకు మందపాటి తొడుగులుండాలి. అయిదారు మీటర్లు దాటితే చెట్లెక్కే పనివాళ్లనో జంతు రక్షణ బృందాన్నో పిలవడమే మేలు. ఆకలేస్తే అదే దిగుతుందిలే అని ఒక పగలూ రాత్రీ మించి వదలకూడదు. ఎండ, వాన, ముసలితనం, కూన వయసు ఉంటే అంత కూడా ఆగకూడదు. రెండు మూడు రోజులు తిండి లేని పిల్లికి, ముఖ్యంగా బొద్దుగా ఉన్నదానికి, కాలేయంలో కొవ్వు చేరి ప్రాణం మీదికి రావచ్చు. దిగాక ఆయాసం, కుంటడం, తిండి ముట్టకపోవడం కనిపిస్తే పశువైద్యుడి దగ్గరికి వెళ్లాలి.

మెడపట్టీ ఉంటే అది లాగితే ఊడిపోయే క్లిప్పుదే కావాలి. మామూలు బకిల్ పట్టీ కొమ్మకు తగులుకుంటే ఉరితాడే. ఈ ఇంట్లో చిన్న పిల్లికి బకిల్ పట్టీ ఉంటే మార్పించారు.

చూసుకోవాల్సినవి

చెట్లకు రెండున్నర మీటర్ల చుట్టూ సున్నంతో గీత గీసి, దాని లోపల కుర్చీ, బండి, బకెట్టు ఏదీ పెట్టకూడదని ఇంట్లో పిల్లలకు కూడా చెప్పారు. కొత్త చివుళ్లు వేసే కాలంలో షెడ్డు వైపు ఖాళీని మళ్లీ టేపుతో కొలవాలి, కొట్టిన చోటే రెమ్మలు గుంపుగా లేస్తాయి.

ఆర్నెల్లకోసారి స్ప్రింగులు విప్పి రేకు తెరిచి బెరడు చూడాలి. నల్లటి తడి మరక, జిగురు కారడం, మెత్తదనం ఉంటే వారం పది రోజులు రేకు తీసి ఆరనివ్వాలి, ఆ రోజుల్లో పిల్లులు ఇంట్లోనే. రేకు వెనక చేరిన ఆకులు, చీమల మట్టి దులపాలి. పైపు ముక్క ఊడితే మళ్లీ అతికించాలి. చుట్టుకొలత ఏడాదికి 2 సెం.మీ. పెరిగితే అడుగున 13 సెం.మీ. అతుకు నాలుగేళ్లలో 5కి వస్తుంది. అంతకన్నా తగ్గితే గాలికి అతుకు నోరు తెరుస్తుంది. రేకు మొత్తం మార్చక్కర్లేదు, అతుకు కొసకు 15 సెం.మీ. వెడల్పు ముక్క ఒకటి రివెట్ చేసి, కొక్కేలు దాని మీదికి జరిపితే ఇంకొన్నేళ్లు నడుస్తుంది.